చంద్రుడి మీద బోరు పాయింట్

చంద్రుడి మీద నీళ్లు వెతికే చిన్న చిన్న మిషిన్లు తయారుచేసే స్టార్టప్‌లకు కొన్ని సూచనలు ఇవ్వడం నా బాధ్యత అనుకుంటున్నాను. హనుమకొండ శివారు కాలనీలో ఐదు బోర్లు వేయించి మూడు ఎండబెట్టుకున్న అనుభవం నాది. వాళ్లు నన్ను అడగలేదు, నిజమే. బోరు బండి చుట్టూ నిలబడి సలహాలిచ్చేవాళ్లను మా దగ్గర కూడా ఎవరూ అడగరు.

ఈ సంగతి నా చెవిన వేసింది మా అక్క కొడుకు. అలాంటి ఒక కంపెనీలో ఉద్యోగానికి అప్లై చేశాడు. "ఏం తయారుచేస్తర్రా వాళ్లు?" అంటే, "చెప్పుల డబ్బంత మిషిన్ మామా. చంద్రుని మీద నీళ్లున్నయో లేవో చెప్తది" అన్నాడు. అంత చిన్నది ఎందుకయ్యా అంటే, అక్కడి దాకా సామాను మోసేందుకు కిరాయి కిలోకు పది లక్షల డాలర్లకు అటూ ఇటూగా ఉంటుందట. బోరు బండి వాడితో ఫీటుకు పది రూపాయల కోసం గంటసేపు గొడవపడ్డవాణ్ని, ఆ రేటు విని కాస్త సిగ్గుపడ్డాను.

డబ్బా ఎలా పనిచేస్తుందో కూడా వాడే చెప్పాడు. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు చంద్రుడి మట్టిని కొడితే న్యూట్రాన్లనే సన్న రేణువులు ఎగిరి బయటికొస్తాయి. గోలీని గోడకు కొడితే దాదాపు అదే వేగంతో తిరిగొస్తుంది. ఇంకో గోలీకి సూటిగా కొడితే అక్కడే ఆగిపోతుంది. హైడ్రోజన్ న్యూట్రాన్‌కు సరిజోడు గోలీ. అందుకని దుడుకు న్యూట్రాన్లు ఎక్కడ తగ్గాయో అక్కడ మట్టిలో హైడ్రోజన్ ఉన్నట్టు. హైడ్రోజన్ ఉంటే నీళ్లు ఉండొచ్చు.

ఉండొచ్చు! ఇక్కడే నాకు వాళ్ల మీద నమ్మకం సడలింది. ఇంత ఖర్చుపెట్టి, ఇన్ని గోలీలాడి, అదీ పైనున్న మీటరు లోతు మాత్రమే చూసి, చివరికి "ఉండొచ్చు" అంటే ఏ ఇంటాయన ఒప్పుకుంటాడు? ఖాయం చేసుకోవాలంటే మట్టి తవ్వి, వేడిచేసి, వచ్చిన ఆవిరిని ఇంకో డబ్బాలో అణువు అణువు తూకం వేయాలట. తూకం 18 వస్తే నీళ్లు.

మా పాయింట్ పెట్టే పెద్దాయన ఇలాంటి మాటలు మాట్లాడడు. కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టుకుని జాగా అంతా తిరిగాడు. మెట్ల పక్కన కాయ లేచి నిలబడింది. "మూడొందల ఫీట్లు, రెండించుల నీళ్లు, రాసుకోండి సారూ" అన్నాడు. నాలుగొందల యాభై దాకా దింపాం. తెల్ల దుమ్ము తప్ప తడి లేదు. పెద్దాయన వచ్చి గుంత వైపు, నా వైపు చూసి, "నీళ్లున్నయి సారూ. మీరే జానెడు పక్కకు ఏసిండ్రు" అన్నాడు.

సైంటిస్టులు నేర్చుకోవాల్సింది ఇదే. 2025 మార్చిలో అథీనా అనే ల్యాండర్ డ్రిల్లునూ తూకం డబ్బానూ మోసుకుని చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగింది. దిగడం ఒక గుంతలో దిగి, పక్కకు ఒరిగి పడుకుంది. మట్టి తీసే పని జరగనే లేదు. వాళ్లు పాపం, ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నారు. మా పెద్దాయనే ఉంటే "నీళ్లున్నయి, బండే సక్కగ నిలబడలే" అని ఫీజు తీసుకుని వెళ్లిపోయేవాడు. మాట చూస్తే అబద్ధం కూడా కాదు.

నీళ్లు అసలే లేవని నేననడం లేదు. 2009 అక్టోబర్ 9న నాసా వాళ్లు ఒక ఖాళీ రాకెట్ ముక్కను కేబియస్ అనే గుంతలో గుద్దించారు. ఎండ పొడ ఎరుగని గుంత అది. పైకి లేచిన దుమ్ములో లెక్కతేలిన నీళ్లు సుమారు 155 కిలోలు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు ఎనిమిది కూడా నిండవు. మా గల్లీకి వచ్చే వాటర్ ప్లాంటు ఆటో అంతకంటే ఎక్కువ తెస్తుంది, దేన్నీ గుద్దకుండా. (ఒకసారి మా గేటును గుద్దింది. అది వేరే విషయం.)

అయినా చంద్రుడికి ఒక సౌకర్యం ఉందని ఒప్పుకోవాలి. 1967 నాటి ఒప్పందం ప్రకారం ఏ దేశమూ చంద్రుణ్ని తనదనడానికి లేదు. మా చెరువు శిఖం కూడా ఒకప్పుడు అలాగే ఎవరిదీ కాదు. అందుకే ఇప్పుడు అందులో నూట ఇరవై ఇళ్లున్నాయి, ఒకటి నాది. కేబియస్‌లో ఇంకా హద్దురాళ్లు పాతలేదు. ప్లాట్లు పడకముందే ఏదైనా కొలుచుకోవాలనుకుంటే స్టార్టప్ వాళ్లు కాస్త తొందరపడటం మంచిది.

కాకతీయుల దగ్గర ఏ డబ్బా ఉండేదో తెలియదు కానీ, వాన ఎటు పారుతుందో చూసి దానికి అడ్డంగా కట్ట పోశారు. పాకాల, రామప్ప చెరువులు ఎనిమిది వందల ఏళ్లుగా ఉన్నాయి. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేలా గొలుసుగా కట్టారు. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు పూడిక తీయాల్సిన చెరువులు రాష్ట్రంలో 46 వేలకు పైగా లెక్కతేలాయి. ఆ గొలుసులో ఒక కొక్కెం మీద నేను పిల్లర్లు లేపి, పైన ట్యాంకు పెట్టి, ఆ ట్యాంకులోకి నీళ్ల కోసం కొబ్బరికాయ తిప్పించాను.

మా కాలనీలో నీళ్లను ఏడాదంతా వెతకాల్సిన పని కూడా లేదు. 2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ అవే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాయి. రాత్రి పూట, అడ్రస్ అడగకుండా, నేరుగా వంటింట్లోకి. ఏ తూకం డబ్బా అవసరం పడలేదు. మంచం కింద చెప్పులు తేలితే చాలు, అది నీళ్లేనని ఖాయం.

మొన్న అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఉద్యోగం వచ్చిందట. డబ్బాను పంపేముందు తడి బొత్తిగా లేని మట్టిలో ఒకసారి, తడి మట్టిలో ఒకసారి పెట్టి సరిచూసుకుంటారట. "మీ ఇంటి దగ్గర పెడితే ఎట్లుంటది మామా?" అని ఎగతాళి చేశాడు.

నేను మాత్రం సీరియస్‌గానే చెప్పాను. పొడి టెస్టుకు మే నెలలో రమ్మను, మా మూడో బోరు దగ్గర కుర్చీ వేస్తాను. తడి టెస్టుకు ఆగస్టులో రమ్మను. డబ్బాను మాత్రం మేడ మీద పెట్టుకోవాలి.