కార్డు మీద వాగ్దానం సరే, ఆ అధ్యాయంలో ఉన్న పని ఎవరు చేస్తారు?

డిసెంబర్ 31 రాత్రి పన్నెండు దాటగానే మన సంఘాల్లో తోపులాట మొదలవుతుంది. పళ్లెంలో బోర్లించిన వాగ్దానపు కార్డులు, ఒక్కోదాని మీద కొత్త సంవత్సరానికని ఒక్కో బైబిలు వచనం. కళ్లు మూసుకుని ఒకటి తీయడం, బయటికొచ్చాక "నీకేమొచ్చింది?" అని ఒకరినొకరు అడగడం. 'తలగా నియమించును' వచ్చినవాళ్ల మొహం వెలిగిపోతుంది. 'శ్రమయందు ఓర్పు గలవారై' వచ్చినవాళ్లు ఇంకోటి తీసుకోవచ్చా అన్నట్టు పళ్లెం వైపే చూస్తారు. జనవరి 2 కల్లా ఆ కార్డు ఫ్రిజ్ మీదికో, బైబిలు అట్టలోకో చేరిపోతుంది. ఇక పన్నెండు నెలలు దాని జోలికి ఎవరూ పోరు.

కార్డులు తగలబెట్టమని నేననడం లేదు. ఆ ఒక్క ముక్క దగ్గరే ఆగిపోతున్నామన్నదే నా బాధ. అసలు బైబిలు రాసినవాళ్లు వచనాలకు అంకెలు వేయలేదు. కొత్త నిబంధనకు ఇప్పుడు మనం వాడే వచన సంఖ్యలు 1551లో రొబేర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. వెతుక్కోవడానికి వేసిన అంకెలు మన చేతిలో కత్తెరగా మారాయి. ఉత్తరంలోంచి ఒక వాక్యం కత్తిరించి, లామినేషన్ చేసి, గోడకి తగిలిస్తున్నాం. కత్తిరించినప్పుడు ఏం పోతుందో తెలుసా? సాధారణంగా చేయాల్సిన పనే పోతుంది.

అందరికీ నోటికొచ్చిన యిర్మీయా 29:11 చూడండి. "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు." ఇంటర్ ఫలితాల ముందు, వీసా ఇంటర్వ్యూ ముందు, పెళ్లిచూపుల ముందు ఇదే వాక్యం. ముందు భాష దగ్గరే తేడా కొడుతోంది. మనం రోజూ మాట్లాడే తెలుగులో సమాధానం అంటే జవాబు, నిరీక్షణ అంటే ఎదురుచూపు. పాత అనువాదంలో సమాధానం అంటే శాంతి, క్షేమం; నిరీక్షణ అంటే ఆశ. చాలామంది ఈ వచనాన్ని "నా ప్రార్థనకు జవాబు వస్తుంది, ఎదురుచూస్తూ కూర్చుందాం" అని చదువుకుంటున్నారు. పాపం, తప్పు వాళ్లది కూడా కాదు, ఆ మాటలు ఎవరూ విప్పి చెప్పలేదు.

ఇప్పుడు ఆ అధ్యాయం మొత్తం చదవండి. అది యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి బబులోనుకు (బాబిలోన్‌కు) పంపిన ఉత్తరం. అందుకున్నవాళ్లు తమ రాజు యెకొన్యాతో పాటు అక్కడికి బందీలుగా చెరపట్టబడి పోయిన యూదులు. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త లేచి, రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని గుడిలో నలుగురి ముందూ చెప్పాడు. జనానికి వినసొంపైన వాగ్దానం. ఈ రోజుల్లో అయితే ఫ్లెక్సీ కట్టేవాళ్లు. అయిదో నెలలో ఆ మాటన్నవాడు ఏడో నెలలో చచ్చిపోయాడు. యిర్మీయా మాత్రం డెబ్భై ఏళ్లు అని రాశాడు. పదో వచనంలోనే ఉంది, పదకొండుకి సరిగ్గా ముందు. అంటే ఆ ఉత్తరం చదివేనాటికి నలభై ఏళ్ల మనిషి ఇంటికి తిరిగి వెళ్లడు. బబులోనులోనే మట్టి అవుతాడు. ఆ మనిషికి కూడా ఈ వాగ్దానం వర్తిస్తుంది, ఎందుకంటే "మీకు" అన్నది బహువచనం, ఒక జాతికి చెప్పిన మాట.

మరి ఆ డెబ్భై ఏళ్లూ ఏం చేయాలి? అయిదు నుంచి ఏడో వచనం దాకా వరసగా పనులే. ఇళ్లు కట్టుకోండి. తోటలు నాటి వాటి ఫలాలు తినండి. పిల్లలకి పెళ్లిళ్లు చేయండి. మిమ్మల్ని చెరపట్టినవాళ్ల ఊరి క్షేమం కోరి ప్రార్థించండి, "దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును." ఇష్టం లేని ఊళ్లో, ఇష్టం లేని ఉద్యోగంలో ఇరుక్కున్న మనిషికి ఈ అధ్యాయం చెప్పేది: సూట్‌కేసు విప్పు, మొక్క నాటు, ఆ ఊరికి పనికొచ్చేలా బతుకు. హైదరాబాద్ హాస్టల్లో ఉంటూ "ప్రభువు నన్ను అమెరికా తీసుకెళ్తాడు" అని మూడేళ్లుగా ఏ పనీ పట్టించుకోని కుర్రాడికి సరిగ్గా సరిపోయే మాట ఏడో వచనంలో ఉంటే, మనం వాడికి పదకొండో వచనం కార్డు ఇచ్చి పంపిస్తున్నాం.

ఇక 'తలగా నియమించును' సంగతి. ద్వితీయోపదేశకాండము 28:13. ఆ వాక్యం అక్కడితో అయిపోదు, ఆజ్ఞలను విని గైకొంటే అన్న షరతు అందులోనే ఉంది. ఆ అధ్యాయంలో దీవెనలు 14వ వచనంతో అయిపోతాయి, 15 నుంచి 68 దాకా శాపాలు. 44వ వచనంలో అదే తల, అదే తోక తిరగబడి కనిపిస్తాయి: పరదేశి తలగా ఉంటాడు, నువ్వు తోకగా ఉంటావు. ఆ కార్డు ఎవరూ అచ్చు వేయరు. ఇశ్రాయేలుతో చేసిన నిబంధనలోని మాటను నేరుగా మన ప్రమోషన్‌కి అంటించొచ్చా అన్నది వేరే పెద్ద చర్చ. అంటించాలనే అనుకుంటే షరతుతో సహా అంటించాలిగా.

దానికి ముందు వచనంలోనే "అనేక జనములకు అప్పిచ్చెదవు గాని అప్పు చేయవు" అని ఉంది. ఇది గోడ మీద ఉన్న ఇంట్లోనే షూరిటీ సంతకాలు పెట్టి మునిగిపోతుంటారు. సంఘంలో అన్న అడిగాడు, కాదంటే విశ్వాసం లేదనుకుంటారు అని సంతకం. సామెతల గ్రంథం దీని గురించి చాలా సూటిగా మాట్లాడుతుంది, కానీ 'పూటబడుట' అనే పాత మాట అర్థం కాక దాటేస్తాం. పూటబడడం అంటే జామీను ఉండడమే. "చెల్లించుటకు నీయొద్ద ఏమియు లేకపోగా వాడు నీ క్రిందనుండి నీ పరుపు తీసికొనిపోనేల?" అని 22:27 అడుగుతుంది. మన చట్టం కూడా దీనికేమీ మెత్తగా లేదు. 1872 నాటి ఒప్పందాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం, పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు వాణ్ని పూర్తిగా పట్టుకుని ఆ తర్వాతే నీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. "నేను సాక్షి సంతకమే కదా పెట్టింది" అని తర్వాత మొత్తుకునేవాళ్లలో చాలామంది పెట్టింది హామీదారు కాలమ్‌లో. సంతకం ముందు ఆ ఒక్క మాట చదివితే చాలు.

అలాగని జామీను ఉండడమే పాపమని తీర్పు చెప్పేయకండి. యూదా తన తమ్ముడు బెన్యామీను కోసం పూటబడ్డాడు. అపొస్తలుడైన పౌలు, ఒనేసిము అనే దాసుడి బాకీ ఏమైనా ఉంటే తన లెక్కలో వేయమని, తానే తీరుస్తానని వాడి యజమాని ఫిలేమోనుకు స్వహస్తంతో రాశాడు. అది దాదాపు ప్రామిసరీ నోటే. తేడా ఏమిటంటే, తీర్చే బాధ్యత తనదేనని తెలిసి, ఒప్పుకుని రాశాడు. కాబట్టి అడిగినవాడి మొహం చూడకుండా ఒక లెక్క వేసుకోండి: ఈ డబ్బు మొత్తం రేపు నేనే కట్టాల్సి వస్తే, పిల్లల ఫీజులు, ఇంటి అద్దె ఆగకుండా కట్టగలనా? కట్టగలిగితే, పోయినా సరే అనుకుంటే పెట్టండి. లేకపోతే "అన్నా, రెండు లక్షలకు సంతకం పెట్టలేను, ఐదు వేలు ఇస్తాను, తిరిగి ఇవ్వొద్దు" అనండి. ఆ ఐదు వేలలో ప్రేమ ఎక్కువ.

ఇప్పటికే పెట్టేసినవాళ్లకి కూడా సామెతలు 6లో దారి ఉంది. వెళ్లు, నిన్ను తగ్గించుకో, బతిమాలు, కన్నులకు నిద్ర ఇవ్వకు, వేటకాని చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకో. అంటే ఉపవాస ప్రార్థన పెట్టుకుని ఊరుకోమని కాదు, ఈ వారమే కదలమని. అప్పు తీసుకున్నవాడి దగ్గర వాయిదాల స్టేట్‌మెంటు అడిగి చూడండి. మీ బదులు ఇంకో జామీనో, తనఖానో పెట్టించి మిమ్మల్ని తప్పించమని రుణదాతకు రాతపూర్వకంగా ఇవ్వండి. వాళ్లు ఒప్పుకోవాల్సిన పనేమీ లేదు, కానీ అడగనివాడికి అసలే దొరకదు. మళ్లీ మళ్లీ డబ్బు తీసుకునే ఓవర్‌డ్రాఫ్ట్ లాంటి ఖాతాకు హామీ ఉంటే, ఇకమీదట తీసుకునే వాటికి నా హామీ లేదని నోటీసు ఇచ్చే వీలు 130వ సెక్షన్‌లో ఉంది. పత్రంలో దానికి అడ్డుపడే షరతులేమైనా ఉన్నాయేమో లాయరుకు చూపించండి. చివరికి మీరే కట్టాల్సి వస్తే ప్రతి రసీదూ దాచండి, అసలు బాకీదారు నుంచి రాబట్టుకునే హక్కు మీకు వస్తుంది.

క్షమాపణ దగ్గర మనం చేసే తమాషా ఇంకోటి. 31 రాత్రి పదకొండున్నరకి వాట్సాప్‌లో రెండు వందల మందికి ఒకే మెసేజ్: "ఈ సంవత్సరం నా వల్ల ఏమైనా బాధ కలిగి ఉంటే క్షమించండి." ఎవరిని, ఎప్పుడు, ఏమన్నావో ఒక్క ముక్క ఉండదు. మత్తయి 5:23, 24 తీసి చూడండి. నీకు ఎవరి మీదో కోపం ఉంటే అని లేదక్కడ. నీ మీద నీ సహోదరునికి విరోధం ఉందని జ్ఞాపకం వస్తే అని ఉంది. గాయపడినవాడు నీ దగ్గరికి రావాలని కూర్చోకు, నువ్వే వెళ్లు. యేసు ఈ మాట చెప్పింది గలిలయలో. బలిపీఠం యెరూషలేములో ఉంది, వంద కిలోమీటర్ల పైచిలుకు, మూడు నాలుగు రోజుల నడక. అర్పణ అక్కడే వదిలేసి, ఊరికి నడిచి వెళ్లి, సమాధానపడి, మళ్లీ నడిచి రమ్మంటున్నాడు. మనవాళ్లకి పక్క వీధిలో తోడికోడలు ఇల్లు దూరమైపోయింది.

వెళ్లినప్పుడు ఏం మాట్లాడాలి? "నేను ఫలానా పెళ్లిలో అందరి ముందు నిన్ను ఈ మాట అన్నాను, తప్పు చేశాను." అంతే. "కానీ నువ్వు కూడా" అన్న మాట వచ్చిందా, క్షమాపణ అక్కడితో చచ్చింది. డబ్బు వ్యవహారమైతే మాటలు చాలవు. సంఖ్యాకాండము 5:7 తప్పు ఒప్పుకుని, అసలు సొమ్ముకి అయిదో వంతు కలిపి ఇమ్మంటుంది. పదివేలు ఎగ్గొడితే పన్నెండు వేలు. సువార్తలో కనిపించే పన్ను వసూలుదారు జక్కయ్య అయితే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. ఆ ధర్మశాస్త్రం కింద మనం లేమంటారా, సరే, కనీసం అసలైనా ఇవ్వండి. అవతలివాళ్లు వెంటనే కరిగిపోవాలని పట్టుబట్టకండి. వాళ్లకి టైం పడుతుంది.

అన్నట్టు, ఒక కార్డు మాత్రం నాకు అచ్చు వేయించాలని ఉంది. లేవీయకాండము 19:13. "కూలివాని కూలి మరునాటివరకు నీయొద్ద ఉంచుకొనకూడదు." పనమ్మాయి జీతం ఒకటో తారీకు దాటించి, "వచ్చే వారం ఇస్తాలే" అంటూ ఆదివారం కానుక కవరు నింపే ఇళ్లకి ఉచితంగా పంచొచ్చు.

ఈసారి కార్డు వచ్చాక ఒక గంట కేటాయించండి. ఆ అధ్యాయం మూడుసార్లు చదవండి, రెండోసారి సులభమైన ఆధునిక అనువాదంలో. ఎవరు ఎవరికి, ఏ కష్టంలో చెప్పారో ఒక వాక్యం రాసుకోండి. తర్వాత పెన్సిల్‌తో "చేయుడి", "వెళ్లుము", "మానుడి" లాంటి క్రియల కింద గీతలు గీయండి. అవి ఆనాటివాళ్లకే చెప్పినవా, మనకూ చెందుతాయా అన్నది కొత్త నిబంధన వెలుగులో చూసుకోండి, తెలియకపోతే మీ సంఘం అయ్యగారిని, అంటే పాస్టరుని, అడగండి. అందులోంచి ఒక్కటే పని తీసుకోండి. ఐదు తీసుకున్నవాళ్లు జనవరి 20కి ఐదూ వదిలేస్తారు. "ఇంకా ప్రేమగా ఉండాలి" లాంటివి రాయకండి, అలాంటిది చేశామో లేదో ఎవరికీ తేలదు. మొగుడికి పనికొచ్చే వచనం దొరికిందని సంబరపడొద్దు కూడా, అది ఆయన కార్డులో వస్తుంది.

కార్డు వెనక్కి తిప్పండి. అక్కడ సంఘం అడ్రసు, ఫోన్ నంబరు పోను రెండు వేళ్ల ఖాళీ ఉంటుంది. మనిషి పేరు, పని, తారీకు పట్టడానికి చాలు. "చిన్నమామయ్యకి ఇవ్వాల్సిన ఎనిమిది వేలు, ఇంటికెళ్లి, జనవరి 10 లోపు."