కావా కావాలా?

బార్సిలోనాలో కాపురం పెట్టిన ఏడాది, డిసెంబరు 31 రాత్రి మా పైఅంతస్తు పెద్దావిడను భోజనానికి పిలిచాం. "అయితే నేను కావా తెస్తా" అందావిడ. మా ఆవిడ నా చెవిలో, "ఏం కావాలిటండీ?" అంది. కావాలి కాదే, కావా, అని నచ్చజెప్పేసరికి మెట్ల మీద లైటు ఆరిపోయింది.

కావా అంటే ఇక్కడి బుడగల వైన్. ఎక్కువ భాగం పుట్టేది రైలెక్కితే గంటలోపు వచ్చే సాంత్ సదుర్ని ద అనోయా అనే ఊరి చుట్టుపక్కల. అక్కడే 1872లో జోసెప్ రవెంతోస్ అనే ఆయన షాంపేన్ పద్ధతిలో మొదటి సీసాలు చేశాడట. సీసాలో రెండోసారి పులియబెట్టి, అడుగున దిగే ఈస్టు మడ్డితోనే నేలమాళిగలో కనీసం 9 నెలలు పడుకోబెడతారు. ఆవకాయ మూడో రోజు తిరగకలిపేదాకా కూడా ఆగలేక వేలు పెట్టి నాకేవాణ్ణి, నాకు ఇదంతా మహా తపస్సులా అనిపించింది.

దేంతో తినాలి అని అడిగాం. ఉప్పగా ఉన్నవీ, నూనెలో వేయించినవీ భేషుగ్గా ఉంటాయంది. వేయించిన చేపలు, క్రొకేతాలనే వేయించిన ముద్దలు, ఉప్పు బాదం పప్పు, పలచగా కోసిన హామ్ అనే పంది మాంసం. పులుపూ బుడగా కలిసి నోట్లో జిడ్డును కడిగేస్తాయట.

"నూనెలో వేయించినవా! ఆ మాట ముందే చెప్పొచ్చుగా" అని మా ఆవిడ కొంగు బిగించింది. రావాల్ పేటలో బంగ్లాదేశ్ వాళ్ల కొట్టు నుంచి బజ్జీ మిరపకాయలు నేనే మోసుకొచ్చాను. ఆ కొట్టాయన తూకం వేస్తూ నావైపు అదోలా చూశాడు. అప్పుడే నాకు అర్థం కావలసింది.

ఆవిడ తెచ్చిన సీసా మీద 'బ్రూట్ నేచర్' అని ఉంది. బ్రూట్ అనగానే నాకు మా నాన్నగారు గడ్డం గీసుకున్నాక రాసుకునే సెంటు గుర్తొచ్చింది. సీసా మీద ఆ మాట ఉంటే చక్కెర లీటరుకు 3 గ్రాములలోపే ఉంటుందట. షుగర్ ఉన్న మా మామగారికి కూడా ఫర్లేదన్నమాట అనుకున్నాను, పైకి అనలేదు. తీగ విప్పి, బిరడా పట్టుకుని, సీసాను మెల్లగా తిప్పిందావిడ. ఢామ్మంటుందని మావాడు చెవులు మూసుకున్నాడు. 'హుస్' అని చిన్న నిట్టూర్పు, అంతే. మావాడి ముఖం వాడిపోయింది.

ఇంతలో పళ్లెం వచ్చింది. ఆవిడ కళ్లు మెరిశాయి. "ఓ, పాద్రోన్!" అంది.

ఇక్కడ పాద్రోన్ మిరపకాయలని ఉంటాయి. బొటనవేలంత. నూనెలో వేయించి, ఉప్పు రాయి చల్లి, తొడిమ పట్టుకుని గుటుక్కున తినేస్తారు. కొన్ని మండుతాయి, కొన్ని మండవు, అదో సరదా వాళ్లకి. మన బజ్జీలో ఆ అనుమానానికి తావే లేదు. పైగా మా ఆవిడ లోపల వాము, చింతపండు గుజ్జు కూరింది కానీ గింజలు తీయలేదు. "తీస్తే ఇంకేం రుచి?" అనేది ఆవిడ సిద్ధాంతం.

నేను "ఆగండి" అనేలోపే, పెద్దావిడ తొడిమ పట్టుకుని ఒక్క కొరుకులో సగం లాగించేసింది. మూడు క్షణాలు ఏమీ లేదు. నాలుగో క్షణంలో ముక్కు కొస ఎర్రబడింది. చప్పున గ్లాసు అందుకుని గడగడా తాగింది.

చేసిన తప్పల్లా అదే. మంటను పట్టుకునే నాలుక నరాలనే ఈ బుడగల గ్యాసు కూడా పొడుస్తుంది. దానికి మద్యం తోడు. పొయ్యి ఆర్పుదామని విసనకర్ర పట్టినట్టయింది. ఆవిడ నోరు తెరిచి, చేత్తో విసురుకుంటూ, ఇక్కడి భాష కతలాన్‌లో ఏదో అంది. దేవుణ్ణి తలచుకుందనే నమ్మాం.

"ఏవండీ, పెరుగు!" అని అరిచింది మా ఆవిడ. పెరుగు విడిగా లేదు. ఉన్నదంతా దద్దోజనంలో కలిపేసింది, పైన ఆవాల పోపు, మధ్యమధ్య పచ్చ ద్రాక్షలు. గిన్నె అలాగే ఆవిడ ముందు పెట్టేశాం.

టీవీలో పన్నెండు గంటలు మొదలయ్యాయి. గంటకో ద్రాక్షపండు చొప్పున పన్నెండు మింగితే ఏడాదంతా కలిసొస్తుందని ఇక్కడి నమ్మకం. ఆవిడ మూట కట్టి తెచ్చుకున్న పళ్లు వంటగదిలో ఉండిపోయాయి. లేచే ఓపిక లేదు. స్పూనుతో దద్దోజనం గాలించి, గంటకొకటి ఏరుకుని తినసాగింది. పదకొండు దొరికాయి. పన్నెండో దానికి మావాడు తన పళ్లెంలోది తీసిచ్చాడు.

గిన్నె ఖాళీ అయ్యాక కళ్లు తుడుచుకుని అడిగింది: "ఈ అన్నంలోకి ఏ వైన్ బాగుంటుంది?"

"మజ్జిగ" అంది మా ఆవిడ.