మా సెక్షన్‌కు విచ్చేసిన స్టూలు గారికి

మహారాజశ్రీ స్టూలు గారికి,

పట్టుచీరల సెక్షన్ సేల్స్ సిబ్బంది తరపున నమస్కరించి వ్రాయునది. తమరు వస్తారని సంక్రాంతి రద్దీలో మేనేజరు గారు మాట ఇచ్చారు. ఆషాఢం తగ్గింపు ధరల హడావుడి ముగియగానే తప్పక వస్తారని మరోసారి ఇచ్చారు. నిన్న మధ్యాహ్నం తమరు నిజంగానే లిఫ్టులో పైకి వచ్చారు. అట్టపెట్టె విప్పి, తమను తుడిచి, ముందు ఎవరు కూర్చోవాలో మేము తేల్చుకునేలోపే, కూర్చున్న భంగిమలో చేయించిన కొత్త బొమ్మ కూడా వచ్చింది. తమరు వచ్చింది దాని కోసమట.

వెంకటగిరి చీర కట్టుకుని, మోకాలి మీద చెయ్యి వేసుకుని, అది నిన్నటి నుంచి తమ మీద హాయిగా కూర్చుని ఉంది. దానికి కాళ్ల నొప్పులు రావు.

మాకు వస్తాయి. షట్టరు ఎత్తింది మొదలు రాత్రి లెక్క తేలేదాకా నిలబడే ఉండాలి. బేరాలు లేని మధ్యాహ్నపు వేళ ర్యాకుకు ఆనుకున్నా కెమెరాలో బద్ధకంగా కనిపిస్తుందట. అందుకని ఒక చెప్పు వదిలి, బరువంతా రెండో కాలి మీద వేసి, కాసేపటికి కాలు మార్చే విద్య అందరం నేర్చుకున్నాం. సాయంత్రానికి వాచిన పాదాన్ని అదే చెప్పులో దూర్చే విద్య మాత్రం ఇంకా పట్టుబడలేదు. ఇంటిల్లిపాదీ ఎదురుగా కుర్చీల్లో కూర్చుని, "కొత్త డిజైన్లుంటే తియ్యమ్మా" అంటూ ర్యాకంతా దింపించి, చివరికి ఫాల్స్ మాత్రం కొనుక్కుని వెళ్లిపోతే, ఆ చీరలన్నిటినీ జరీ మీద కొత్త గీత పడకుండా పాత మడతల వెంబడే మడిచి పెట్టేదీ నిలబడే. పాత కొట్లలో పరుపు మీద కూర్చుని చీరలు చూపించేవారు. అందువల్ల ఏ కొట్టూ దివాలా తీసినట్టు మేము వినలేదు.

పది నిమిషాల ఆలస్యానికి పూట జీతం కోసే యంత్రానికి, ఎప్పుడూ అందని ఇన్సెంటివ్‌కు వేరే లేఖలు రాసుకుంటాను.

కేరళలో దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు పోరాడి, 2018లో కూర్చునే హక్కును చట్టంలోకి ఎక్కించుకున్నారు. 2021లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది. అంటే మన సరిహద్దు ఊరు తడ దాటి, తమిళనాడు ఆరంబాక్కంలో అడుగు పెడితే చాలు, తమ జాతి మాకు చట్టబద్ధంగా చుట్టమవుతుంది. ఈ మాట మెల్లగా కదిపితే మేనేజరు గారు తిరుగుడు కుర్చీలో అటూ ఇటూ ఊగుతూ, "అది తమిళనాడు, ఇది నెల్లూరు" అన్నారు. భూగోళం ఆయనకు బాగానే వచ్చు.

ఇక మర్యాదలు చాలు. మా సెక్షన్‌లో అందరికన్నా పెద్దదైన అక్కకు పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరిగాయి. ఎక్కువసేపు నిలబడవద్దని డాక్టరు రాసిన చీటీ చూపిస్తే, నిలబడలేకపోతే మానెయ్యమన్నారు. మానేస్తే ఆమె పిల్లల ఫీజులు ఎవరు కడతారు, ఈ బొమ్మ కడుతుందా? ప్లాస్టిక్ ముద్దకు ఆసనం వేసి మనిషిని నిలబెట్టడానికి సిగ్గుండాలి. తమకు కాదు, తమను కొన్నవాళ్లకు.

ఒక్క సంగతి తమకు ముందే విన్నవించుకుంటాను. ప్రతి శుక్రవారం బొమ్మను కిందికి దించి చీర మార్చే పని నాకూ ఆ అక్కకూ అప్పజెప్పారు. కూర్చున్న బొమ్మకు కుచ్చిళ్లు ఒక పట్టాన కుదరవు, చాలాసేపు పడుతుంది. నేను చీర కడుతుంటాను. అక్క తమ మీద కూర్చుని పిన్నులు అందిస్తుంది.

ఇట్లు,
తమ ఎదుట నిలబడి ఉన్న సేల్స్ గర్ల్,
ట్రంకు రోడ్డు, నెల్లూరు.