సెట్రిజిన్‌తోటి కడుపుమంట పోదు, గ్యాస్ గోలీ బంద్ చేయమన్న ఆ మెసేజ్ ఇంక ఎవ్వరికీ పంపకండి

పొద్దున లేవంగనే మళ్ల అదే మెసేజ్. మా టెన్త్ బ్యాచ్ గ్రూపుల వచ్చింది, చుట్టాల గ్రూపుల వచ్చింది, నిన్న మా షాపు పక్కన టైలర్ అన్న ఫోన్ నా మొఖం ముందట పెట్టి "తమ్మీ, ఇది నిజమేనా" అని అడిగిండు. "డాక్టర్లు చెప్పని గ్యాస్ రహస్యం" అని షురూ అయి ఏం చెప్తదంటే, ఎసిడిటీ అంటే కడుపుకు వచ్చిన అలర్జీ అంట, హిస్టమిన్ అనే విషం వల్ల వస్తదంట, ఆ విషం కారం, వంకాయ, టమాటల నుంచి వస్తదంట, నరాలకు దీనికి ఏం సంబంధం లేదంట, చల్లటి పాలు, నిమ్మరసంల తినే సోడా తాగాల్నంట, గ్యాస్ గోలీ ఇయ్యాల్నే బంద్ చేసి రాత్రిపూట ఒక సెట్రిజిన్ అనే అలర్జీ గోలీ వేసుకుంటే మూడు వారాల్ల మంట మళ్ల రాదంట. బీఫార్మసీ చదివి పన్నెండేండ్ల సంది దేవరకొండ దిక్కు మెడికల్ షాపు నడుపుతున్న, ఒక్కొక్కరికి విడివిడిగ చెప్పి చెప్పి నోరు నొస్తున్నది, అందుకే ఒక్కకాడ రాస్తున్న.

పాలు, సోడా ముచ్చట రెండు మాటల్ల అయిపోతది. చల్లటి పాలు గొంతు దిగేటప్పుడు హాయిగ ఉంటది, కొంచెంసేపు అయినంక ఆ పాలల్ల ఉన్న ప్రొటీను, కాల్షియం కలిసి మళ్ల యాసిడ్ ఊరిస్తయి. నిమ్మరసంల సోడా కలిపితే గ్లాసుల్నే బుసబుస పొంగి దాని పని సగం అక్కడ్నే అయిపోతది, పైకెళ్లి బీపీ ఉన్నోళ్లకు అందులున్న సోడియం మంచిది కాదు. ఇగ హిస్టమిన్ విషం అనుడు కూడ తప్పే, అది మన ఒంట్లనే తయారయి యాసిడ్ ఊరమని కడుపుకు కబురు చెప్పేది, ఆ యాసిడ్ మనకు కావాలె. కడుపుల యాసిడ్ లేకుంటే తిండితోటి పోయిన క్రిములు సావవు, ఐరన్, బీ12 ఒంటికి సరిగ పట్టవు.

వంకాయ ముచ్చట కాడ జర ఆగాలె. కడుపు లోపలి పొరల, పై భాగంల, గ్రంథుల అడుగున ఈసీఎల్ కణాలు అని ఉంటయి. పప్పు, గుడ్డు, మాంసం నుంచి వచ్చిన హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని తీస్కొని ఒక ఎంజైముతోటి హిస్టమిన్ తయారు చేసి చిన్న చిన్న సంచుల్ల దాచిపెట్టుకుంటయి. ఈ కణానికి కడుపు లోపటి దిక్కు అసలు మూతి లేదు. మీరు వంకాయ తిన్నరా, చికెన్ తిన్నరా, పచ్చిపులుసు పోస్కున్నరా దానికి తెల్వనే తెల్వదు. కారం తింటే కొందరికి మంట లేస్తది, నేను కాదంటలేను, కని దాని వల్ల హిస్టమిన్ పుట్టదు. ఆ కణానికి కబురు రెండు తొవ్వల వస్తది, ఒకటి హార్మోను, ఇంకోటి నరం.

హార్మోను అంటే గాస్ట్రిన్. కడుపు కింది భాగంల జీ కణాలు ఉంటయి, తిండిల ప్రొటీను తగలంగనే గాస్ట్రిన్‌ను రక్తంల వదుల్తయి. పోవాల్సింది నాలుగు వేళ్ల దూరం పైకే, అయినా సరే లివర్ మీదికెళ్లి గుండెకు పోయి, ఒళ్లంత తిరిగి మళ్ల కడుపుకు చేరుకుంటది. వచ్చి ఈసీఎల్ కణాన్ని తడ్తే దాచిపెట్టిన హిస్టమిన్ బయటికొస్తది, కొత్తది చేసే ఎంజైము కూడ పెరుగుతది. ఆ హిస్టమిన్ పక్కన్నే ఉన్న యాసిడ్ కణానికి తగిలితే అందులున్న పంపు నడుస్తది. యాసిడ్ మరీ ఎక్కువైతే డీ కణాలు సొమాటోస్టాటిన్ అనే బ్రేక్ వేస్తయి, అది గాస్ట్రిన్‌ను ఆపుతది, హిస్టమిన్‌ను కూడ ఆపుతది. ఇంత లెక్క ప్రకారం నడిచేదాన్ని పట్టుకొని అలర్జీ అంటరా?

నరాలకు సంబంధం లేదు అని రాసినోడు దసరా నాడు పక్కింట్ల మటన్ ఉడుకుతుంటే ఎప్పుడన్న వాసన చూసిండో లేదో. నోట్ల నీళ్లు ఊరినట్లే కడుపుల కూడ ఊరుతది, ఇంక ముద్ద నోట్ల పడకముందే. పావ్‌లోవ్ అనే రష్యా సైంటిస్టు ఇది కుక్కల మీద చేసి చూపిచ్చిండు, తిన్న తిండి కడుపుకు పోకుండ గొంతుకాడ్నే బయటికి పడేటట్లు చేసినా కడుపుల రసం ఊరింది, వేగస్ అనే నరం కోస్తే ఆగింది. 1904ల నోబెల్ వచ్చింది ఆయనకు. మెదడు నుంచి వచ్చే ఆ వేగస్ నరం యాసిడ్ కణాన్ని నేరుగ లేపుతది, జీ కణాలను లేపి గాస్ట్రిన్ వదిలిస్తది, బ్రేకును కూడ వదులు చేస్తది. కడుపు గోడల ఉన్న నరాల కొసలు పీఏసీఏపీ అనే పదార్థం వదిలితే ఈసీఎల్ కణం నేరుగ హిస్టమిన్ వదుల్తది. మంచి మందులు లేని కాలంల, 1943ల, అమెరికాల డ్రాగ్‌స్టెట్ అనే సర్జన్ అల్సర్ తగ్గాల్నని ఆ నరాన్నే కోసుడు షురూ చేసిండు, తర్వాత ఎంతోమందికి ఆ ఆపరేషన్ చేసిన్రు. సంబంధం లేకుంటే ఊకెనే కోసిన్రా? అట్లని అల్సర్ మొత్తం టెన్షన్ వల్లనే అనుడు కూడ తప్పు. మార్షల్, వారెన్ అని ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లు 1982ల హెలికోబ్యాక్టర్ అనే క్రిమిని పట్టుకున్నరు, 2005ల వాళ్లకు నోబెల్ కూడ వచ్చింది. చాన అల్సర్లకు ఆ క్రిమే కారణం, ఇంకో పెద్ద కారణం నొప్పి గోలీలు.

ఇగ సెట్రిజిన్. నాకు కడుపు రగిలేది ఇక్కడనే.

పోయిన నెల ఒక పెద్దమ్మ వచ్చింది, మర్రిగూడ దిక్కు ఊరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నడుము వంగిపోయింది, మోకాళ్లు లేవవు, ఏండ్ల సంది పూటకొక డైక్లోఫెనాక్ అనే నొప్పి గోలీ మింగితేనే నాలుగు అడుగులు వేస్తది. కడుపు కరాబు కావద్దని డాక్టరు పాంటాప్రజోల్ అనే గ్యాస్ గోలీ కూడ రాసిండు. కౌంటర్ మీద చెయ్యి ఆనిచ్చి కొంగు ముడి విప్పి పైసలు తీసి, "బిడ్డా, గ్యాస్ గోలీ వద్దు, గా అలర్జీ గోలీ ఇయ్యి, మా పోరడు ఫోన్ల చదివి చెప్పిండు" అన్నది. గ్యాస్ గోలీ బంద్ చేసి మూడు వారాలైందంట, నొప్పి గోలీ మాత్రం మింగుతనే ఉన్నది. ఎందుకో అనుమానం వచ్చి కన్నురెప్ప కిందికి గుంజి చూస్తే లోపట దూది లెక్క తెల్లగ ఉన్నది. "దొడ్డికి ఎట్ల పోతున్నవు పెద్దమ్మా" అని అడిగిన. "మూడు దినాల సంది తారు లెక్క నల్లగ పోతున్నది, కాళ్లల్ల సత్తువ లేదు" అన్నది. వాటితోటి కూడ నల్లగ పోతది కాబట్టి ఐరన్ గోలీలు ఏమన్న మింగుతున్నవా అంటే లేదన్నది. కడుపుల రక్తం కారుతున్నదని తెలిసిపోయింది, ఆటో మాట్లాడి దవాఖానకు తోలిన. ఎండోస్కోపీల పుండు కనవడ్డది, రెండు బాటిళ్ల రక్తం ఎక్కిచ్చిన్రు.

ఆమెకు సెట్రిజిన్ ఒక్క చుక్క యాసిడ్ కూడ ఎందుకు తగ్గియ్యదో వినండి. హిస్టమిన్ ఒక్కటే, కణాల మీద అది తెరిచే తాళాలు వేరు. తుమ్ములు, దద్దుర్లు, దురద వచ్చేది హెచ్1 తాళంతోటి, సెట్రిజిన్ మూసేది దాన్నే. యాసిడ్ కణం మీద ఉన్నది హెచ్2 తాళం. పాత అలర్జీ మందులు ఎన్ని ఇచ్చినా హిస్టమిన్‌తోటి ఊరే యాసిడ్ ఆగుతలేదని చూసే జేమ్స్ బ్లాక్ అనే ఆయన ఇది వేరే తాళం అయ్యుంటదని వెతికి 1972ల హెచ్2ను రుజువు చేసిండు, ఆ దారిల్నే సిమెటిడిన్ అనే యాసిడ్ తగ్గిచ్చే మందు వచ్చింది, 1988ల నోబెల్ వచ్చింది. మనం వాడే ఫామోటిడిన్ ఆ కుటుంబమే. అంటే ఈ మెసేజ్‌ల చెప్పిన వైద్యం పనిచేయదని తేలి యాభై ఏండ్లు దాటింది!

నొప్పి గోలీ ఏం చేస్తదో కూడ మెసేజ్‌ల ఒక్క ముక్క లేదు. కడుపు గోడకు జిగురు పొర కట్టేది, ఈసీఎల్ కణాన్ని జర తగ్గమని చెప్పేది ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి గోలీ వాటిని తయారు కానియ్యదు. మా నల్లగొండ దిక్కు కీళ్లనొప్పుల గోలీలు మింగని ముసలోళ్లు ఎంతమంది ఉంటరు? పాలమూరు నుంచి పనులకు పోయేటోళ్లు పొద్దున ఏం తినకుండ గోలీ ఒక్కటి వేస్కొని మట్టి మోస్తరు. అసొంటోళ్లకు ఉన్న ఒక్క అడ్డం గ్యాస్ గోలీ, దాన్నే తీసి పారేయమంటున్నది ఈ మెసేజ్.

ఒక్క ముచ్చట మాత్రం ఒప్పుకుంట. గ్యాస్ గోలీలు ఏండ్లకేండ్లు అడగకుండ మింగుడు తప్పు అని అందుల రాసిన్రు, అది నిజమే, స్ట్రిప్పులకు స్ట్రిప్పులు అడిగినోళ్లకు అడిగినట్లు ఇచ్చిన మా షాపులోళ్ల తప్పు కూడ ఉన్నది, నాది కూడ. పాంటాప్రజోల్ పంపును ఆపుతది, యాసిడ్ తగ్గంగనే బ్రేక్ వదులైతది, గాస్ట్రిన్ పెరుగుతది, ఈసీఎల్ కణాలు లావెక్కి హిస్టమిన్ ఇంకింత చేసి పెట్టుకుంటయి. ఒక్కసారిగ బంద్ చేస్తే అదంత మీద పడి ముందటికన్న ఎక్కువ మంట లేస్తది. డెన్మార్క్‌ల ఏ మంట లేని మంచి మనుషులకు 8 వారాలు ఇసొంటి గోలీ ఇచ్చి ఆపితే 100ల 44 మందికి మంట, పుల్లటి తేపులు మొదలైనయి, మందు లేని ఉత్త గోలీ ఇచ్చినోళ్లల్ల 100కు 15 మందికే వచ్చినయి, 2009ల అచ్చయింది అది. అందుకే చాన రోజుల సంది వాడేటోళ్లు బంద్ చేయాల్నంటే డాక్టరును అడిగి మెల్లమెల్లగ తగ్గియ్యాలె. నొప్పి గోలీ నడుస్తున్నన్ని దినాలు మాత్రం డాక్టరు చెప్పందే దాన్ని ముట్టుకోకండి. దొడ్డికి తారు లెక్క పోయినా, వాంతిల కాఫీ పొడి లెక్క పడ్డా, తెల్లారేదాక ఆగకుండ అప్పుడే దవాఖానకు పోండి.

పెద్దమ్మ ఇంటికొచ్చింది. వాళ్ల కొడుకు మొన్న ఫోన్ చేసి ఆ మెసేజ్ ఎవరెవరికి పంపిండో యాది చేస్కొని చెప్పిండు. ఏడుగురు, అందుల ఇద్దరు నొప్పి గోలీలు వాడేటోళ్లు. ఒకరితోటి మాట్లాడిన, ఇంకొకరి ఫోన్ కలుస్తలేదు, సాయంత్రం మళ్ల చేస్త.