బొబ్బిలి–సాలూరు రైలు లైనుగారికి విశాఖ నుంచి ఓ విన్నపం

మహారాజశ్రీ బొబ్బిలి–సాలూరు రైలు లైనుగారి దివ్యసముఖమునకు, పొట్టకూటికి విశాఖపట్నం చేరిన సాలూరువాడొకడు వ్రాసుకొను విన్నపము. ఇచ్చట మేమంతా క్షేమం. బళ్ల తాకిడి లేదు గనక తమరూ క్షేమమేనని తలుస్తాను.

ముందుగా శుభాకాంక్షలు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ వాల్తేరు రైల్వే డివిజన్‌ను విశాఖకీ రాయగడకీ పంచినప్పుడు తమరు మా విశాఖ వాటాకే వచ్చారు. పలాస, దువ్వాడ, స్టీల్‌ప్లాంటు లాంటి పెద్దల సరసన తమరి పేరు కూడా ప్రకటనలో కనబడితే, నిజం చెప్పొద్దూ, ఛాతీ పొంగింది. ఇనుప ఖనిజం మోసి నాలుగు డబ్బులు తెచ్చే కిరండూల్ లైనేమో రాయగడ వాటాకి పోయింది. ఏ ఇంట్లోనైనా పంపకాలింతే. సంపాదనపరుడు అటు, సెంటిమెంటు ఇటు. వాళ్లకి సుమారు 680 కిలోమీటర్లు, మనకి 410. పాపం, 1900లో పుట్టిన నౌపడా–పర్లాకిమిడి లైను తమకన్నా పెద్దది, గుణుపూర్ దాకా పెరిగింది. దాన్ని పర్లాకిమిడి దగ్గర కోసి చెరో ముక్కా పుచ్చుకున్నారు. తమరి జోలికి మాత్రం ఎవరూ కత్తి పట్టుకు రాలేదు. ఎందుకు రాలేదన్నది ఇప్పుడు తవ్వుకోవద్దు లెండి.

బెంగాల్ నాగపూర్ రైల్వేవారు 1909కల్లా విజయనగరం నుంచి పార్వతీపురం దాకా పట్టాలు వేశారు. 1913లో బొబ్బిలి దగ్గర పక్కకి తిరిగి సాలూరొచ్చారు. ఎదురుగా కొండలు, కొండల వెనక జయపురం సంస్థానం. ఇక్కడిదాకా వచ్చినవాళ్లు కొండ ఎక్కకపోతారా అని ఎవరైనా అనుకుంటారు. ఎక్కారండీ, ఎక్కకేం! పార్వతీపురం వైపు నుంచి ఎక్కి, రాయగడ మీదుగా 1931కి రాయ్‌పూర్ చేరారు. 1933లో విశాఖ హార్బరు తెరిచారు. 1960ల్లో మళ్లీ కొండెక్కారు, ఈసారి కొత్తవలస నుంచి అరకు మీదుగా. రెండుసార్లూ తమరి గడప తొక్కలేదు. సాలూరు ఘాట్ ఎక్కింది లారీ ఒక్కటే.

ఆ లారీలే మా ఊరికి తిండి పెట్టాయి. రోడ్డు వారన షెడ్లలో వెల్డింగు మెరుపులు, విప్పి పడేసిన గేరుబాక్సులు, క్యాబిన్ నుదుటి మీద దేవుడి పేరు రాయడానికి స్టూలెక్కిన పెయింటరు, బంపరుకి వేలాడే నిమ్మకాయలు. గేరు మారిన చప్పుడు విని బండి ఎవరిదో చెప్పే పిల్లలు మా ఊళ్లో ఉన్నారు. రైలు స్టేషనెటు అనడగండి, ఒక్క క్షణం ఆలోచిస్తారు.

తమరి ఆఖరి వైభవం రైలుబస్సు. ఒకటే పెట్టె, నాలుగే చక్రాలు. పట్టా అతుకు వచ్చినప్పుడల్లా ఒళ్లోని సంచి ఎగిరి పక్కవాడి ఒళ్లో పడేది, వాడు మర్యాదగా తిరిగిచ్చేవాడు. అన్నీ బస్సు లక్షణాలే గానీ, చెయ్యెత్తితే ఆగే గుణం ఒక్కటీ లేదు. అసలు బస్సేమో రామభద్రపురం, గజపతినగరం మీదుగా తిన్నగా విశాఖ కాంప్లెక్సులో దింపేస్తుంది. తమరు బొబ్బిలిలో దింపి, ‘ఇక్కణ్ణుంచి నీ దారి నువ్వు చూసుకో’ అనేవారు. పెళ్లి ముహూర్తానికి తమరిని నమ్ముకుని బయల్దేరినవాణ్ణి నేనైతే చూళ్లేదు. 2020 లాక్‌డౌన్‌లో అదీ ఆగింది. ఆ తర్వాత లాక్‌డౌన్ ఎత్తేశారు. ఆ కబురు తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు.

కబురు రాకపోయినా కరెంటొచ్చింది! తిరిగిన ఒక్కటీ డీజిల్ బండి, అదీ మూలపడ్డాక వరసగా స్తంభాలు పాతి 25,000 వోల్టుల తీగ లాగారు. దేశంలో లైన్లన్నిటికీ కరెంటు పెట్టే లెక్కలో తమరూ ఓ గీత. సర్కారు లెక్కలో తమరికే లోటూ లేదు. బెంగాల్ నాగపూర్ అయింది, ఆగ్నేయ రైల్వే అయింది, 2003 నుంచి తూర్పు కోస్తా అయింది, ఇక విశాఖ కేంద్రంగా కొత్త జోను దక్షిణ కోస్తా. 2022లో జిల్లాలు విడదీశాక బొబ్బిలి విజయనగరంలో ఉండిపోయింది, సాలూరు పార్వతీపురం మన్యంలో చేరింది. ఇరవై కిలోమీటర్లు నిండని తమరికి రెండు జిల్లాలు! ఇన్ని బోర్డులు మార్చినవాళ్లకి బండి ఒక్కటే గుర్తు రాలేదు.

తమరు కొండెక్కి కోరాపుట్ పోవాలని నేను కోరను. వందేళ్లు దాటిన వయసులో ఆ ఆయాసం ఎందుకు? విశాఖలో పొద్దున్న ఒక మెము రైలు, అదే కరెంటుతో నడిచే లోకల్ బండి, బయల్దేరి, విజయనగరం మీదుగా, బొబ్బిలిలో నన్ను దింపకుండా సాలూరు చేర్చి, సాయంత్రం వెనక్కి తెస్తే చాలు. తీగ మీదే ఉంది, పట్టా కిందే ఉంది, మధ్యలోదే అడుగుతున్నాను.

ఇంకొక్క మాట. కొత్త జోను పెద్దలెవరైనా తమరిని చూడ్డానికి వస్తామంటే దయచేసి జీపులో రానివ్వకండి. సాలూరు రోడ్డు బాగానే ఉంటుంది, గంటలో చూసేసి వెళ్లిపోతారు. రైల్లోనే రమ్మనండి.

చిత్తగించవలెను.