స్కేలు లాక్కుని గీయమంటారా?

బీటెక్ మొదటి ఏడాది ఫలితాలు వచ్చాయంటే చాలు, ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ (వస్తువుల బొమ్మలు కొలతలతో గీసే సబ్జెక్టు) తప్పిన పిల్లల మీద అందరూ విరుచుకుపడతారు. ఊహాశక్తి లేదట, శ్రద్ధ లేదట. ఆ ఊహాశక్తిని ఇన్నేళ్లూ పెరగనివ్వనిది ఎవరో మాత్రం ఒక్కరూ అడగరు.

పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో దగ్గరగా చూడండి. 80 మిల్లీమీటర్ల గీత నేలకు 30 డిగ్రీల వాలులో ఉంటే టాప్ వ్యూలో, అంటే పైనుంచి చూసి గీసిన బొమ్మలో, సుమారు 69 మిల్లీమీటర్లే వస్తుంది. త్రికోణమితిలో కాస్ 30 విలువ నిద్రలో లేపి అడిగినా చెప్పే కుర్రాడికి ఆ గీత ఎందుకు పొట్టిదైందో అర్థం కాదు, ఎందుకంటే 80ని అదే విలువతో గుణిస్తే ఈ 69 వస్తుందని బొమ్మ వేసి చూపించినవాళ్లు లేరు. అందుకే సీనియర్ షీటు కింద పెట్టి గీసేసి సంతకం పెట్టించుకుంటాడు. పరీక్షలో కోణం మారిందా, చేతులెత్తేస్తాడు.

చేసిందంతా మనమే. భారం తగ్గిస్తామంటూ కేంద్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ 2022లో పదో తరగతి గణితంలో స్కేలు, వృత్తలేఖినితో బొమ్మలు గీసే నిర్మాణాల అధ్యాయాన్ని పూర్తిగా ఎత్తేసింది, పైథాగరస్ సిద్ధాంతం నిరూపణనూ తీసేసింది. ఇంటర్‌లో వృత్తం, పరావలయం అన్నీ ఉన్నా, కోచింగ్ పుణ్యమా అని అవి ఫార్ములాలుగానే మిగిలాయి. ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష ఈఏపీసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 గణితమే. ఇక బొమ్మ గీసుకునే టైమెక్కడిది? ఆప్షన్లు ప్రతిక్షేపించి చూసి బిట్ కొట్టేయడమే. అలా కొట్టినవాడికే ర్యాంకు ఇచ్చి, ఫ్లెక్సీ కట్టి, తీరా కాలేజీకి వచ్చాక నీకు గీయడం రాదని ఫెయిల్ చేస్తున్నాం!

కంప్యూటర్‌లో డ్రాయింగ్ గీసే క్యాడ్ ఉండగా చేత్తో గీయడం దేనికి అనేవాళ్లూ ఉన్నారు, పిల్లల మీద భారం నిజమే అనేవాళ్లూ ఉన్నారు. సరే. కానీ వస్తువును మనసులో తిప్పి చూడలేనివాడికి క్యాడ్ ఇస్తే తప్పు డ్రాయింగే నీటుగా ప్రింటవుతుంది.

బడిలో గీయనివ్వం, కోచింగ్‌లో గీయనివ్వం, ఎంట్రన్స్‌లో గీయడానికి మార్కే లేదు, కాలేజీలో మాత్రం గీయలేదని తిడతాం. ఇంతకంటే ద్వంద్వ నీతి ఉంటుందా? రేపు బీఈడీ చేసి జ్యామితి చెప్పాల్సిందీ ఈ బొమ్మ వేయని పిల్లలే, అప్పుడు ఎవరిని తిడతాం?

విశ్వవిద్యాలయాలు మొదటి సెమిస్టర్‌లో షీట్ల లెక్క తగ్గించి, అట్టముక్కలతో, కర్రపుల్లలతో మోడళ్లు చేయించి, ఆ తర్వాతే ప్రొజెక్షన్లలోకి, అంటే వస్తువును పైనుంచి, ముందునుంచి చూసినట్టు కాగితం మీద గీయడంలోకి, వెళ్లాలి. పరీక్షల బోర్డులు బొమ్మకు, నిరూపణకు మార్కులు పెట్టాలి. ఇవేవీ చేయకుండా పిల్లల్ని తిట్టే హక్కు మీకెవరిచ్చారు?