బొగ్గులో బొగ్గు కానిదాని లెక్క ఎవరు చెప్తారు?

కృష్ణపట్నం థర్మల్ ప్లాంట్ల గురించి నెల్లూరులో ఎక్కడ మాట వచ్చినా చివరికి తేలేది ఒక్కటే, మన బొగ్గులో బూడిద ఎక్కువ, ఇండోనేషియా బొగ్గులో తక్కువ కాబట్టి అదే మంచిదని. ఇది సగం నిజం. బూడిద ఎంత అని అందరూ అడుగుతారు గానీ అందులో ఏముందని ఎవరూ అడగరు.

ఒడిశా తాల్చేరు బొగ్గు పెళ్ల ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. నిగనిగలాడే నల్ల చారల మధ్య మసకబారిన చారలుంటాయి, అవి ఎక్కువుంటే పెళ్ల బరువు తగులుతుంది. అది మట్టి. 25 కోట్ల ఏళ్ల కంటే ముందే, గోండ్వానా అనే అప్పటి మహాఖండంలో నదులు చెట్ల శిథిలాలతో పాటు కొట్టుకొచ్చిన బంకమట్టి, ఇసుక. శాస్త్రం భాషలో కెయొలినైట్, ఇల్లైట్, క్వార్ట్జ్, కొంచెం సిడరైట్, కాల్సైట్, అక్కడక్కడా పసుప్పచ్చగా మెరిసే పైరైట్. బొగ్గులో ఎంత సన్నగా కలిసిపోయాయంటే, వాషరీలో కడిగినా పూర్తిగా వదలవు. బూడిద 40 శాతం అంటే 58 వ్యాగన్ల రేక్‌లో 23 వ్యాగన్లు మట్టీ రాళ్లే అనుకోండి. దానికీ రవాణా చార్జీ కట్టేది మనమే, కరెంటు బిల్లులో.

కాల్చాక మిగిలే బూడిదలో సిలికా, అల్యూమినా కలిపితేనే 85 శాతం దాకా ఉంటాయి. సిలికా అంటే ఏంటో, ఆ ఇసుక గనులున్న గూడూరు, చిల్లకూరు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అందులో క్వార్ట్జ్ రూపంలో ఉండేది గట్టి సరుకు, బాయిలర్ ట్యూబుల్ని అరగదీస్తుంది. అల్యూమినా ఎక్కువుండటం మాత్రం మేలే, బూడిద తొందరగా కరగదు. దిగుమతి బొగ్గుల్లో చాలావాటి బూడిదలో ఇనుము, కాల్షియం పాలు ఎక్కువ, తక్కువ వేడికే మెత్తబడి బాయిలర్ గోడలకు పట్టేస్తుంది.

అసలు తిరకాసు ఆర్సెనిక్, సీసం, క్రోమియం లాంటివాటితో. బొగ్గులో ఉండేది అతి కొద్దిగానే, కానీ కార్బన్ కాలిపోయాక ఆవిరి కాని లోహాలన్నీ బూడిదలోనే మిగులుతాయి. 40 శాతం బూడిదున్న బొగ్గులో వాటి గాఢత రెండున్నర రెట్లు పెరుగుతుంది, 5 శాతమే ఉన్న బొగ్గులో అయితే 20 రెట్లు! బూడిద తక్కువ కాబట్టి శుభ్రం అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. పాదరసం సంగతి వేరు, అది చాలావరకు పొగతో పాటే పైకి పోతుంది.

మన దగ్గర 2012 నుంచి థర్మల్ బొగ్గు గ్రేడు కెలోరిఫిక్ విలువ (కాలిస్తే వచ్చే వేడి) మీదే, బూడిదలో ఏముందన్నది అందులో లెక్కకు రాదు. 500 కిలోమీటర్లు దాటి పోయే బొగ్గులో బూడిద 34 శాతం మించకూడదని 2014లో పెట్టిన నిబంధనను 2020 మేలో తీసేశారు. బూడిదంతా వాడెయ్యాలని 2021 నోటిఫికేషన్ చెప్పింది, మంచిదే, కానీ వాడేవాడి చేతికి దాని రసాయన వివరం అందాలి కదా. ప్లాంటు ల్యాబులకు ఇదేమన్నా కొత్త పనా? సిలికా, అల్యూమినా లాంటి ఆక్సైడ్ల శాతాలు, లోహాల కొలతలు, బూడిద చెరువులో వేస్తే ఆ లోహాలు నీళ్లలోకి ఎంత దిగుతాయన్న పరీక్ష, ఈ మూడూ నెలనెలా ముత్తుకూరు మండలంలో ప్రతి పంచాయతీ బోర్డు మీద తెలుగులో అంటించాలి. ఫ్లైయాష్ ఇటుకల యూనిట్ల వాళ్లకూ అది అవసరమే, మన బూడిదలో సున్నం తక్కువని వాళ్లు విడిగా కలుపుకుంటారు, బొగ్గు మారితే ఆ పాళ్లూ మారాలి.